ప్లేటింగ్ నీళ్లలో లోహాలు తీయడానికి ఏ పద్ధతి మేలు: కరెంటా, కెమికల్సా?

బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి వైపు చిన్న ప్లేటింగ్ షాపులు నడిపేవాళ్లు ఈటీపీ (వ్యర్థ జలాలను శుద్ధి చేసే ప్లాంటు) మార్చాలనుకున్నప్పుడల్లా అడిగే ప్రశ్న ఒకటే: "ఎలక్ట్రోకోయాగ్యులేషన్ పెట్టించుకుంటే కెమికల్స్ ఖర్చు తప్పుతుందంటున్నారు, స్లడ్జ్ కూడా తగ్గుతుందంటున్నారు, నిజమేనా?" ఎలక్ట్రోకోయాగ్యులేషన్ అంటే కరెంటుతో ప్లేటును కరిగించి లోహాలను అడుక్కి దించే పద్ధతి, స్లడ్జ్ అంటే అలా అడుగున దిగే బురద. ఈ ప్రశ్నకు అవుననో కాదనో చెప్పే ముందు నేను ఇంకో ప్రశ్న వేస్తాను. ఏ నీళ్ల గురించి అడుగుతున్నారు? క్రోమ్ రిన్సా (ప్లేటింగ్ అయ్యాక వస్తువులు కడిగిన నీళ్లు), నికెల్ రిన్సా, ఎలక్ట్రోలెస్ నికెల్ పాత బాతా (కరెంటు లేకుండా నికెల్ పూత వేసి వాడేసిన ద్రావణం), అన్నీ కలిసిపోయి వచ్చే కాలవ నీళ్లా? చాలామందికి ఉన్నది ఆ చివరిదే. అన్నీ కలిసిన నీటికి మంచి మెషీన్ అంటూ ఏదీ లేదు, ఎంత డబ్బు పెట్టినా లేదు.

అందుకే ఈ పోలికను మెషీన్ల నుంచి కాకుండా నీళ్ల నుంచి మొదలుపెడుతున్నాను. ఏ లోహం, ఎంత చిక్కగా ఉంది, దేనితో అతుక్కుని ఉంది అన్న మూడు విషయాలు తెలిస్తే పద్ధతి దాదాపు దానంతట అదే తేలిపోతుంది.

చేరాల్సిన అంకెలు

నదులు, చెరువుల్లోకి వదిలే నీటికి కేంద్ర ప్రభుత్వం పెట్టిన సాధారణ ప్రమాణాల్లో హెక్సావలెంట్ క్రోమియం (క్రోమియంలో ఎక్కువ విషపూరితమైన రూపం) 0.1 పీపీఎం, మొత్తం క్రోమియం 2, నికెల్ 3, రాగి 3, జింకు 5, సీసం 0.1, సైనైడ్ 0.2 దాటకూడదు. పీహెచ్ 5.5 నుంచి 9 మధ్య ఉండాలి. పీపీఎం అంటే ఇక్కడ లీటరుకు ఒక మిల్లీగ్రాము. మీ కన్సెంట్ ఆర్డర్‌లో (కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే అనుమతి పత్రంలో) ఇంతకన్నా కఠినమైన అంకె రాసి ఉంటే మీకు అదే వర్తిస్తుంది.

వీటిలో హెక్సావలెంట్ క్రోమియం అంకె మిగతావాటికన్నా ఎందుకంత చిన్నదో గమనించండి. అది మనిషికి క్యాన్సర్ తెస్తుందని తేలిన పదార్థం. నీళ్లలో హాయిగా కరిగి భూమిలోకి దిగిపోతుంది. చిత్తూరు జిల్లా సరిహద్దు దాటగానే వచ్చే రాణిపేటలో క్రోమేట్ ఫ్యాక్టరీ మూతపడి దశాబ్దాలు గడిచినా దాని వ్యర్థాల గుట్ట నుంచి పసుపు నీళ్లు ఊరడం ఆగలేదు. మన హైదరాబాద్‌లోనే కాటేదాన్, బాలానగర్ మట్టి మీద ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు చేసిన అధ్యయనాల్లో భారలోహాలు ఉండాల్సినదానికన్నా ఎక్కువగా కనిపించాయి. కాలవలో పోసింది ఎటో కొట్టుకుపోతుందనుకోవద్దు, అక్కడే ఉంటుంది.

మెషీన్ కొనే ముందు పైపులు మార్చండి

లోహాలను హైడ్రాక్సైడ్‌గా మార్చి అడుక్కి దించడం పాత పద్ధతి. ఇందులో ఒక్కో లోహానికి ఒక్కో పీహెచ్ నచ్చుతుంది. క్రోమియం 8.5 దగ్గర బాగా దిగుతుంది, రాగి 8.5 నుంచి 9 మధ్య. జింకుకు 9 నుంచి 9.5 కావాలి, ఇంకా పైకి పోతే మళ్లీ కరగడం మొదలుపెడుతుంది. నికెల్ 10 దాటితే గాని సరిగా దిగదు. నాలుగూ ఒకే ట్యాంకులో ఉంటే మీరు ఏ పీహెచ్ పెట్టినా ఎవరో ఒకరు నీళ్లలోనే మిగులుతారు. ల్యాబ్ రిపోర్టులో ఈ నెల నికెల్, వచ్చే నెల జింకు ఫెయిలవుతూ ఉంటే కారణం చాలాసార్లు ఇదే.

సైనైడ్ లైన్ ఉంటే విడదీయడం ఖర్చుకు సంబంధించిన విషయం కాదు, ప్రాణాలకు సంబంధించినది. సైనైడ్ నీళ్లు యాసిడ్ నీళ్లతో కలిస్తే హైడ్రోజన్ సైనైడ్ గ్యాస్ లేస్తుంది. ఆ రెండు లైన్ల పైపులు, పంపులు, సంపులు ఎక్కడా కలవకూడదు, పొంగినప్పుడు కూడా.

ఇక నీటి పరిమాణం. బాత్ లోంచి జాబ్‌తో (పూత వేసే వస్తువుతో) పాటు గంటకు ఒక లీటరు ద్రావణం బయటికి వస్తోందనుకుందాం. జాబ్ మీద మిగిలినదాన్ని వెయ్యో వంతుకు పలచన చేయాలంటే, ఒక్క రిన్స్ ట్యాంకుతో గంటకు దాదాపు 1,000 లీటర్ల నీళ్లు పారాలి. నీళ్లు ఎదురుగా వచ్చేలా రెండు ట్యాంకులు వరసగా పెడితే లెక్క ప్రకారం 32 లీటర్లు చాలు, మూడు పెడితే 10 లీటర్లు. షాపులో లెక్క అంత కచ్చితంగా కుదరదు, అయినా పదింతల తేడా ఖాయం. దీనికి ముందు పారని నీళ్లతో ఒక డ్రాగ్ అవుట్ ట్యాంకు (జాబ్‌కు అంటుకొచ్చిన ద్రావణాన్ని పట్టే ట్యాంకు) పెట్టి, జిగ్‌ను (జాబ్‌లు తగిలించే చట్రాన్ని) బాత్ మీద ఇంకో పది సెకన్లు కారనిస్తే, రిన్స్‌లోకి వెళ్లే లోహంలో పెద్ద భాగం అక్కడే ఆగిపోతుంది. ట్యాంకు, రెండు వాల్వులు, కుర్రాడికి కాస్త ట్రైనింగ్, అంతే ఖర్చు. ఈ పని చేయకుండా ఈటీపీ సైజు లెక్కవేయించుకుంటే అవసరానికి అయిదారు రెట్లు పెద్ద ప్లాంటు కొంటారు.

"కరెంటు పద్ధతి" కింద అమ్మేవి వేరువేరు పనులు

ఎలక్ట్రోవిన్నింగ్‌లో లోహం క్యాథోడ్ (మైనస్ పలక) మీద లోహంగానే పేరుకుంటుంది. ప్లేటింగ్‌లో చేసేదే, కాకపోతే జాబ్ బదులు స్టీల్ రేకు. చివరికి చేతికి వచ్చేది అమ్ముకోగల రాగి, నికెల్, వెండి.

ఎలక్ట్రోకోయాగ్యులేషన్‌లో లోహం తిరిగి రాదు. ఇనుప ప్లేటో అల్యూమినియం ప్లేటో యానోడ్‌గా (ప్లస్ పలకగా) ఉండి కరుగుతూ నీళ్లలోకి అయాన్లను వదులుతుంది. అవి హైడ్రాక్సైడ్ తెట్టెలుగా మారి భారలోహాలను తమతో పాటు అడుక్కి లాక్కుపోతాయి. నల్గొండ ఫ్లోరైడ్ నీళ్లకు నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన పద్ధతిలో పటిక, సున్నం వేసి కలిపితే తెట్టె కట్టి దిగుతుంది కదా, ఇక్కడ ఆ పటిక పనిని కరిగే ప్లేటు చేస్తుంది. చేతికి వచ్చేది స్లడ్జ్. ఆ స్లడ్జ్ ప్రమాదకర వ్యర్థం. 2016 నాటి నిబంధనల ప్రకారం దాన్ని మామూలుగా 90 రోజులకు మించి షెడ్డులో ఉంచుకోకూడదు. తెలంగాణలో అయితే దుండిగల్‌లో, విశాఖ వైపు అయితే పరవాడలో ఉన్న ప్రమాదకర వ్యర్థాల కేంద్రం లాంటి అధీకృత చోటికి పంపాల్సిందే.

మూడోది ఎలక్ట్రోడయాలసిస్. పొరల గుండా అయాన్లను లాగి చిక్కటి ద్రావణాన్ని ఒకవైపు, పలచని నీళ్లను ఇంకోవైపు చేస్తుంది. నికెల్ రిన్స్‌ను మళ్లీ బాత్‌కు పంపడానికి మంచిదే. కానీ పొరలకు శుభ్రమైన నీళ్లు కావాలి, ఆయిల్ పడకూడదు, బ్రైట్‌నర్ (పూత మెరుపు కోసం వేసే మందు) ముక్కలు పేరుకోకూడదు. రోజుకు పది పదిహేను వేల లీటర్ల జాబ్‌వర్క్ షాపుకు నేను దాన్ని చెప్పను.

సేల్స్‌వాళ్లు ఒకదాని లాభాలు ఇంకోదానికి తగిలించి చెబుతుంటారు. "స్లడ్జ్ ఉండదు, మెటల్ రికవరీ" అన్నది ఎలక్ట్రోవిన్నింగ్ గుణం. అది బ్రోచర్‌లో ఎలక్ట్రోకోయాగ్యులేషన్ బొమ్మ పక్కన కనిపిస్తే అక్కడే ఆపి అడగండి.

క్రోమ్ రిన్స్: లెక్క వేసి చూద్దాం

ఎక్కువ మంది తికమకపడేది ఇక్కడే కాబట్టి వివరంగా చూద్దాం. రోజుకు 10,000 లీటర్ల క్రోమ్ రిన్స్, అందులో హెక్సావలెంట్ క్రోమియం 50 పీపీఎం అనుకోండి. అంటే రోజుకు 500 గ్రాముల క్రోమియం.

కెమికల్ దారిలో ముందు యాసిడ్ వేసి పీహెచ్ 2.5 దగ్గరికి దించుతారు. సోడియం మెటాబైసల్ఫైట్ వేసి పసుపు రంగు హెక్సావలెంట్‌ను ఆకుపచ్చ ట్రైవలెంట్‌గా మారుస్తారు. ఓఆర్‌పీ మీటరు (ఈ మార్పు ఎంత జరిగిందో చూపే మీటరు) 250 నుంచి 300 మిల్లీవోల్టుల దగ్గరికి వస్తే పని అయినట్టు. తర్వాత కాస్టిక్ సోడాతో పీహెచ్‌ను 8.5కు లేపి దించుతారు. గ్రాము క్రోమియానికి లెక్క ప్రకారం 2.74 గ్రాముల మెటాబైసల్ఫైట్ కావాలి. మన 500 గ్రాములకు 1.4 కిలోలు, షాపులో పోయేది 2 కిలోల దాకా. పైన యాసిడ్, కాస్టిక్.

కరెంటు దారిలో ఇనుప ప్లేట్లు పెడతారు. ప్లేటు నుంచి ఫెర్రస్‌గా కరిగిన ఇనుము క్రోమియాన్ని మారుస్తుంది. ఒక క్రోమియం అయాన్‌కు మూడు ఇనుము అయాన్లు. బరువులో చెప్పాలంటే గ్రాము క్రోమియానికి 3.22 గ్రాముల ఇనుము, మన 500 గ్రాములకు రోజుకు 1.61 కిలోలు. ఒక ఆంపియర్-గంటకు ఇనుము 1.04 గ్రాములు కరుగుతుంది. ఆ లెక్కన రోజుకు దాదాపు 1,550 ఆంపియర్-గంటలు. ఒకే సెల్‌లో ఎనిమిది గంటలు నడిపితే 195 ఆంప్స్, 6 వోల్టుల దగ్గర రోజుకు 9.3 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు వేసుకున్నా కరెంటుకు 75 రూపాయలు. అందరూ కరెంటు బిల్లు గురించి టెన్షన్ పడతారు గాని ఇక్కడ అది సమస్యే కాదు.

స్లడ్జ్ దగ్గర కథ మారుతుంది. కాస్టిక్‌తో దించితే 500 గ్రాముల క్రోమియం ఒక కిలో పొడి హైడ్రాక్సైడ్ అవుతుంది. ఇనుప ప్లేట్లతో చేస్తే ఆ ఇనుమంతా కూడా హైడ్రాక్సైడై దిగుతుంది, మొత్తం 4 కిలోలు. ఫిల్టర్ ప్రెస్‌లోంచి 30 శాతం పొడితో కేక్ వస్తుందనుకుంటే, 300 పని రోజుల ఏడాదికి కెమికల్ దారిలో ఒక టన్ను, ఇనుప ప్లేట్ల దారిలో నాలుగు టన్నులు. ఇది ఏ కంపెనీ ప్లేటు కొన్నా మారని రసాయన లెక్క. "ఎలక్ట్రోకోయాగ్యులేషన్‌లో స్లడ్జ్ తక్కువ" అన్న మాట సున్నంతోనో ఫెర్రస్ సల్ఫేట్‌తోనో పోల్చినప్పుడు కొంత నిలబడుతుంది. సున్నంలో కరగని మలినాలుంటాయి, సల్ఫేట్ ఉంటే జిప్సం కూడా దిగుతుంది. బైసల్ఫైట్, కాస్టిక్ జంటతో పోల్చితే మాత్రం క్రోమ్ విషయంలో అది తలకిందులు.

మరి కరెంటు దారికి లాభమే లేదా? ఉంది, గట్టి లాభాలే ఉన్నాయి. ఫెర్రస్ ఇనుము క్రోమియాన్ని మార్చడానికి నీళ్లను 2.5 దాకా దించక్కర్లేదు, మామూలు పీహెచ్‌లోనే పని జరుగుతుంది. యాసిడ్ డ్రమ్ములు, ఆ ఆవిర్లు, బైసల్ఫైట్ నుంచి లేచే ఘాటైన సల్ఫర్ డయాక్సైడ్ వాసన తప్పుతాయి. నీళ్లలో ఉప్పు పెరగదు. కెమికల్ దారిలో మూడు మందులూ కలిసి టీడీఎస్‌ను (నీళ్లలో కరిగి ఉన్న లవణాలను) లీటరుకు కొన్ని వందల మిల్లీగ్రాములు పెంచుతాయి. మన బోరు నీళ్లు ముందే గట్టివి కాబట్టి నీళ్లను తిరిగి వాడుకోవాలన్నా, ఆర్‌ఓ పెట్టాలన్నా అది పెద్ద తేడా. ఇంకొకటి, డోసు ఆంపియర్లతో నడుస్తుంది. రెక్టిఫయర్ (ఏసీ కరెంటును డీసీ చేసే పెట్టె) నాబ్ తిప్పడం ప్లేటింగ్ షాపులో ప్రతి ఒక్కరికీ వచ్చు. డోసింగ్ పంపు, ఓఆర్‌పీ ప్రోబ్, పీహెచ్ ప్రోబ్ రోజూ కాలిబ్రేట్ చేసుకోవడం చాలా షాపుల్లో జరగదు. కాగితం మీద బాగున్న కెమికల్ ప్లాంటు ఆర్నెల్లకే కళ్లతో చూసి మగ్గుతో పోసే ప్లాంటు కావడం మామూలే. ఆపరేటర్‌కు ఏది చేతనవుతుందన్నది నా దృష్టిలో స్లడ్జ్ అంత ముఖ్యం.

కరెంటు దారి పెట్టుకుంటే మూడు జాగ్రత్తలు మరచిపోవద్దు. మొదటిది హైడ్రోజన్. పైన చెప్పిన లెక్కకే రోజుకు 600 లీటర్లకు పైగా హైడ్రోజన్ క్యాథోడ్ దగ్గర లేస్తుంది. గాలిలో అది 4 శాతం చేరితే నిప్పు రవ్వకు అంటుకుంటుంది. సెల్‌ను మూసిన గదిలో, తక్కువ ఎత్తు రేకుల కింద పెట్టకూడదు. ఫ్యాన్ ఆగితే రెక్టిఫయర్ కూడా ఆగేలా ఇంటర్‌లాక్ ఉండాలి. రెండోది ప్లేట్ల మీద పొర. కాస్సేపటికి ప్లేటు మీద ఆక్సైడ్, కాల్షియం పేరుకుని వోల్టేజి ఎక్కుతూ పోతుంది, అల్యూమినియం అయితే మరీను. నిర్ణీత సమయానికి ప్లస్ మైనస్ తారుమారు చేసే ఏర్పాటు ఉండాలి, అయినా వారానికోసారి దించి కడగక తప్పదు. మూడోది, సెల్ లోంచి వచ్చే నీళ్లు ముదురు ఆకుపచ్చగా ఉంటే అందులో ఇంకా ఫెర్రస్ మిగిలుంది. దానికి గాలి కొట్టాలి. కాసేపట్లో ఆ పచ్చదనం పోయి తుప్పు రంగు తిరుగుతుంది, అప్పుడు బాగా దిగుతుంది. గాలి కొట్టకుండా పంపేస్తే మన ట్యాంకులో తేటగా కనిపించిన నీళ్లే అవతల కాలవలో తుప్పు రంగు తేలతాయి.

అల్యూమినియం ప్లేట్లు క్రోమ్ రిన్స్‌కు వద్దు. అల్యూమినియం అయాన్ హెక్సావలెంట్‌ను మార్చలేదు.

ఇక క్రోమ్ బాతే పాడైపోతే, ఆ చిక్కటి ద్రావణాన్ని ఈ రెండు దారుల్లో దేనిలోకీ ఒక్కసారిగా వదలకండి. విడిగా నిలవ చేసి అధీకృత సంస్థకు పంపడమే సరైనది.

నికెల్, రాగి: ఇక్కడ స్లడ్జ్ చేయడమే నష్టం

నికెల్ కిలో వెయ్యి రూపాయలకు పైనే పలుకుతుంది. దాన్ని హైడ్రాక్సైడ్ చేసి, పైగా పంపించడానికి డబ్బు కట్టి దుండిగల్‌లో పూడ్పించడం చూస్తుంటే బాధేస్తుంది. గనిలోంచి తవ్వి శుద్ధి చేసి తెచ్చిన లోహం అది.

డ్రాగ్ అవుట్ ట్యాంకులో లోహం లీటరుకు ఒక గ్రాము దాటి ఉంటే ఎలక్ట్రోవిన్నింగ్ బాగా పనిచేస్తుంది. రాగి యాసిడ్ సల్ఫేట్ ద్రావణం అన్నిటికన్నా సులువు. 500 లీటర్ల ట్యాంకులో రాగి లీటరుకు 3 గ్రాములు ఉందనుకోండి. దాన్ని అర గ్రాముకు దించాలంటే 1.25 కిలోల రాగి తీయాలి. ఆంపియర్-గంటకు రాగి 1.186 గ్రాములు. సామర్థ్యం 70 శాతం వేసుకుంటే 100 ఆంప్స్ మీద గంటకు 83 గ్రాములు, మొత్తం పదిహేను గంటలు. సాయంత్రం ఆన్ చేసి వెళితే పొద్దున్నకు అవుతుంది. కరెంటు కిలో రాగికి రెండు మూడు యూనిట్లు.

క్యాథోడ్ రేకు మీద రాగి గులాబీ రంగులో గట్టిగా పట్టి, అంచున గోరు పెట్టి లాగితే రేకులా ఊడి వస్తే సెల్ సరిగా నడుస్తున్నట్టు. ముదురు గోధుమ రంగు పొడిలా రాలితే ఆంప్స్ ఎక్కువయ్యాయి, లేదా ద్రావణం పలచబడింది. ప్లేటర్లకు ఇది కొత్తేమీ కాదు, జాబ్ కాలినప్పుడు చూసేదే.

అర గ్రాము కంటే కిందికి ఇదే సెల్‌తో లాగాలని చూడకండి. పలచబడే కొద్దీ క్యాథోడ్ దగ్గరికి రాగి చేరేలోపే కరెంటు హైడ్రోజన్ తయారీకి ఖర్చయిపోతుంది. తిరిగే క్యాథోడ్, కార్బన్ ఫెల్ట్ లాంటి ఎక్కువ ఉపరితలం ఉన్న సెల్స్‌తో ఇంకా కిందికి పోవచ్చు గాని 3 పీపీఎం ప్రమాణం దాకా దానితోనే చేరదామనుకోవడం తెలివైన పని కాదు. ఎలక్ట్రోవిన్నింగ్ నీళ్లను వదిలే స్థాయికి శుభ్రం చేసే మెషీన్ కాదు. దాని తర్వాత ఇంకో మెట్టు ఉండి తీరాలి.

నికెల్ కొంచెం మొండిది. పీహెచ్ 4 కంటే బాగా పడిపోతే క్యాథోడ్ మీద నికెల్ బదులు హైడ్రోజనే వస్తుంది. యానోడ్ దగ్గర యాసిడ్ పుడుతూనే ఉంటుంది కాబట్టి కాస్టిక్ కొద్దికొద్దిగా వేస్తూ ఉండాలి. వాట్స్ బాత్‌లో (నికెల్ ప్లేటింగ్‌కు మామూలుగా వాడే ద్రావణంలో) నికెల్ క్లోరైడ్ ఉంటుంది, అందువల్ల యానోడ్ దగ్గర క్లోరిన్ కూడా లేవవచ్చు. హుడ్, స్క్రబ్బర్ లేకుండా పెట్టకూడదు.

పారే రిన్స్‌లో నికెల్ 20, 50, 100 పీపీఎం మాత్రమే ఉంటే అయాన్ ఎక్స్ఛేంజ్ రెసిన్ చూడండి. రెసిన్ పలచని నీళ్లలోంచి నికెల్‌ను పట్టుకుంటుంది, యాసిడ్‌తో కడిగితే చిక్కటి ద్రావణంగా వదిలేస్తుంది. దాని పీహెచ్ సరిచేసి ఎలక్ట్రోవిన్నింగ్‌కు పంపవచ్చు. నీళ్లు రిన్స్‌కే తిరిగి వెళతాయి. పెట్టుబడి ఎక్కువే. నెలకు పదుల కిలోల నికెల్ కొనే యూనిట్‌కు కూర్చుని లెక్క వేసుకోదగిన జంట ఇది. అంతకన్నా చిన్న షాపు డ్రాగ్ అవుట్ నీళ్లను ఫిల్టర్ చేసి, ఆవిరై తగ్గిన వేడి నికెల్ బాత్‌లోకే పోసుకుంటే సగం సమస్య పైసా ఖర్చు లేకుండా తీరుతుంది.

హెక్సావలెంట్ క్రోమ్‌ను మాత్రం ఎలక్ట్రోవిన్నింగ్‌తో లోహంగా తీస్తామని ఎవరైనా అంటే నమ్మకండి. బాత్‌లో అంత చిక్కగా ఉన్నప్పుడే క్రోమ్ ప్లేటింగ్ సామర్థ్యం 20 శాతం దగ్గర ఆగిపోతుంది. పలచని రిన్స్ నీళ్లలో ఇక చెప్పేదేముంది.

ఏ దారికీ సులువుగా లొంగని నీళ్లు

ఎలక్ట్రోలెస్ నికెల్ పాత బాత్‌లో లోహాన్ని సిట్రేట్, లాక్టేట్ లాంటివి గట్టిగా పట్టుకుని ఉంటాయి. పీహెచ్ ఎంత లేపినా దిగదు. ఎలక్ట్రోకోయాగ్యులేషన్ కూడా తడబడుతుంది. పీసీబీ (సర్క్యూట్ బోర్డులు చేసే) యూనిట్లలో ఈడీటీఏతో, అమోనియాతో ఉన్న రాగిదీ ఇదే తంతు. వీటికి ఆర్గానిక్ సల్ఫైడ్ మందుతో దించడమో, చిక్కగా ఉంటే ఎలక్ట్రోవిన్నింగ్‌తో ఎక్కువ భాగం లాగి మిగిలినదానికి సల్ఫైడ్ వాడడమో చేయాలి. ఈ నీళ్లు మిగతా రిన్స్‌లో కలిస్తే అక్కడ బాగా దిగుతున్న లోహాలను కూడా పట్టి ఆపేస్తాయి. కాబట్టి దీనికి విడి డ్రమ్ము తప్పనిసరి.

పలచని సైనైడ్ రిన్స్‌కు పీహెచ్ 10 పైన హైపోక్లోరైట్‌తో చేసే పాత పద్ధతే ఇప్పటికీ చవక, నమ్మకం. లీటరుకు గ్రాముల్లో సైనైడ్ ఉన్న పాత బాత్ అయితే యానోడ్ మీద ఆక్సీకరణ బాగా పనికొస్తుంది. యానోడ్ దగ్గర సైనైడ్ విరుగుతుంటే క్యాథోడ్ మీద రాగి, వెండి, క్యాడ్మియం పేరుకుంటాయి. కరెంటు పద్ధతికి ఇంత చక్కగా అమరిన పని ఇంకోటి లేదు. ఆ చివర్లో మిగిలే పలచని సైనైడ్‌కు మళ్లీ హైపోక్లోరైటే.

మీ షాపుకు ఏది?

నికెల్-క్రోమ్ డెకరేటివ్ జాబ్‌వర్క్, రోజుకు పదివేల లీటర్ల లోపు: డ్రాగ్ అవుట్ ట్యాంకులు, ఎదురు రిన్స్ ముందు పెట్టండి. నికెల్ డ్రాగ్ అవుట్ బాత్‌కు తిరిగి వెళ్లాలి. క్రోమ్ రిన్స్ విషయంలో స్లడ్జ్ పంపే ఖర్చు మీకు భారంగా ఉండి, పీహెచ్, ఓఆర్‌పీ చూసుకునే మనిషి ఉంటే బైసల్ఫైట్. నీళ్లు తిరిగి వాడుకోవాలనుకుంటూ, యాసిడ్ నిలవ తగ్గించుకోవాలనుకుంటే ఇనుప ప్లేట్లతో ఎలక్ట్రోకోయాగ్యులేషన్. ఈ రెండింటిలో నా మొగ్గు రెండోదానికి, కాకపోతే 20 పీపీఎం లోపు పలచని రిన్స్‌కు మాత్రమే. అక్కడ ఇనుము తక్కువ కరుగుతుంది, స్లడ్జ్ గొడవ చిన్నదవుతుంది, ఉప్పు పెరగకపోవడం అనే లాభం అలాగే ఉంటుంది. 100 పీపీఎం దాటిన నీళ్లకు నేను బైసల్ఫైటే చెబుతాను.

జింకు బారెల్ లైన్‌కు కెమికల్ పద్ధతిలో పీహెచ్ 9 నుంచి 9.5 చాలు, దాన్ని మార్చడానికి కారణం కనిపించదు. అక్కడ చేయాల్సిన మార్పు వేరే ఉంది. పసుపు పాసివేషన్ (జింకు పూత పాడవకుండా దాని మీద వేసే పొర) ఇంకా హెక్సావలెంట్‌తో చేస్తుంటే ట్రైవలెంట్‌కు మారండి. ఎగుమతి కస్టమర్లు ఎలాగూ అడుగుతున్నారు, ఈటీపీలో ఒక మెట్టు మొత్తం తగ్గిపోతుంది.

రాగి చిక్కగా వచ్చే పీసీబీ యూనిట్ అయితే ఎలక్ట్రోవిన్నింగ్ పెట్టకపోవడమే నష్టం. ట్యాంకర్‌లో కామన్ ప్లాంటుకు (చాలా యూనిట్లకు ఉమ్మడిగా ఉండే శుద్ధి ప్లాంటుకు) పంపేవాళ్లు కూడా లోహాలు ముందే తీసి పంపాలి. అక్కడ పని చేసేది బ్యాక్టీరియా, రాగి, క్రోమియం దానికి విషం.

కొనే ముందు ఒక బకెట్ పరీక్ష

మీ దగ్గర రెక్టిఫయర్ ఉంది, ఎంఎస్ (మైల్డ్ స్టీల్) రేకులున్నాయి. అయిదు లీటర్ల ప్లాస్టిక్ బకెట్‌లో మీ క్రోమ్ రిన్స్ నీళ్లు తీసుకోండి. రెండు ఎంఎస్ రేకులు, పది సెంటీమీటర్లు ఇరవై సెంటీమీటర్ల భాగం మునిగేలా, సెంటీమీటరు ఎడంలో పెట్టండి. గాలి ఆడే చోట, దగ్గర్లో మంట లేకుండా చూసుకుని, గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకుని 2 ఆంప్స్ ఇవ్వండి. నీళ్లలో 50 పీపీఎం ఉంటే లెక్క ప్రకారం 23 నిమిషాలు. అరగంట నడిపి, బాగా కలిపి, పీహెచ్ 8.5కు సరిచేసి, వడకట్టిన నీళ్లలో డైఫినైల్‌కార్బజైడ్ టెస్ట్ కిట్ చుక్కలు వేయండి. గులాబీ, ఊదా రంగు తిరిగితే హెక్సావలెంట్ ఇంకా ఉన్నట్టు. ఎన్ని నిమిషాలకు ఆ రంగు రావడం ఆగిపోయిందో రాసుకుంటే మీ నీళ్లకు ఎన్ని ఆంపియర్-గంటలు కావాలో మీకే తెలుస్తుంది. అడుగున దిగిన స్లడ్జ్‌ను ఎండబెట్టి తూచండి.

ఈ అంకెలు చేతిలో పెట్టుకుని వెండర్‌ను పిలవండి. వెయ్యి లీటర్లకు ఎన్ని ఆంపియర్-గంటలు, ఎన్ని గ్రాముల ప్లేటు, ఎన్ని గ్రాముల పొడి స్లడ్జ్ అని కొటేషన్‌లో రాసివ్వమనండి. గ్రాము క్రోమియానికి 3.2 గ్రాముల కన్నా తక్కువ ఇనుముతో, ఇంకే మందూ లేకుండా అవుతుందని రాస్తే, మిగతా క్రోమియం ఎక్కడికి పోతోందో అడగండి. ప్లేట్లు బజారులో దొరికే ఎంఎస్ రేకులా, వాళ్ల దగ్గరే కొనాల్సినవా అన్నది కూడా రాయించుకోండి. ట్రయల్‌కు నీళ్లు మామూలు రోజువి ఇవ్వకండి. బాత్ మార్చిన రోజువి, ట్యాంకులు కడిగిన రోజువి ఇవ్వండి. చివరి విడత డబ్బు ఆ నీళ్ల మీద గుర్తింపు ఉన్న ల్యాబ్ రిపోర్టు వచ్చాకే చెల్లించేలా పర్చేజ్ ఆర్డర్‌లో పెట్టుకోండి.